చెప్పినవాడి పూచీ

నెల్లూరు జిల్లా ఆత్మకూరులో ఇల్లు కట్టుకోదలచినవాడు మేస్త్రీ కోసం బోర్డులు వెతుక్కుంటూ తిరగడు. ఉదయగిరిలో ఆడపిల్ల పెళ్ళి పెట్టుకున్నవాళ్ళు వంటమనిషి కోసం పేపర్లో ప్రకటనలు చూడరు. ఈమధ్యే ఇల్లు కట్టినవాళ్ళనో, పెళ్ళి చేసినవాళ్ళనో పట్టుకుని "మీరెవరితో చేయించారు? మనిషి ఎట్టాంటోడు?" అని అడుగుతారు. వచ్చే జవాబు నాలుగు మాటలకు మించదు. ఆ నాలుగు మాటల మీదే లక్షల రూపాయల పని ఒకరి చేతికి వెళ్తుంది, ఇంకొకరి చేతికి రాకుండా పోతుంది. చిన్న వ్యాపారానికి నోటిమాటే పెట్టుబడి అని అందరూ అంటారు. ఆ మాట ఎందుకు చెల్లుతుందో, ఎక్కడికి వెళ్ళేసరికి చెల్లకుండా పోతుందో మాత్రం ఎవరూ పెద్దగా ఆలోచించరు. నాకు తోచినంతలో, ఫలానావాడి దగ్గరికి వెళ్ళమని చెప్పిన మనిషి ఒక పూచీ నెత్తిన వేసుకుంటున్నాడు. పని చెడితే ముందు మాట పడేది అతనే. అందుచేత సిఫారసులతో నిలదొక్కుకోవాలనుకునే వ్యాపారి "నా గురించి నలుగురికీ చెప్పండి" అని ఎంత ప్రాధేయపడినా లాభం కొంతే. ఇప్పటికే చెప్పిన ఆ ఒక్కడి మాట పోకుండా చూసుకున్నవాడికి మిగతా నలుగురూ వాళ్ళంతట వాళ్ళే దొరుకుతారు.

పూచీ అవసరం ఎందుకొస్తుందో ముందు చూద్దాం. 1970లో జార్జ్ అకెర్లాఫ్ అనే అమెరికన్ ఆర్థికవేత్త ఒక చిన్న వ్యాసం ప్రచురించాడు. 2001లో ఆయనకు నోబెల్ బహుమతి రావడానికి మూలం ఆ వ్యాసమే. సరుకు మంచిచెడ్డలు అమ్మేవాడికి తెలిసి కొనేవాడికి తెలియనప్పుడు ఏమవుతుందన్నది అందులో విషయం. కొనేవాడు అన్నిటినీ అనుమానిస్తాడు, ఆ అనుమానం కొద్దీ ధర తగ్గించి అడుగుతాడు. ఆ ధర మంచి సరుకు తెచ్చినవాడికి గిట్టదు, వాడు తప్పుకుంటాడు. చివరికి బజారులో నాసిరకమే మిగులుతుంది. ఆయన ముఖ్యంగా తీసుకున్న ఉదాహరణ పాత కార్లది. అయితే అంతకు కొద్దికాలం ముందు మన దేశంలో ఉండి వెళ్ళినందువల్ల ఇక్కడి బజారు బియ్యాన్ని కూడా ప్రస్తావించాడు. బియ్యం రంగులోనే, బియ్యం ఆకారంలోనే ఉన్న రాళ్ళను కావాలని కలుపుతారనీ, ఇల్లాలు వాటిని ఏరుకోక తప్పదనీ రాశాడు. చేటలో బియ్యం పోసుకుని రాళ్ళేరిన తరం నెల్లూరు జిల్లాలో ఇంకా ఉంది. ఆ సంగతి అర్థం కావడానికి వాళ్ళకు ఆర్థికశాస్త్రం అక్కర్లేదు.

పెద్ద కంపెనీ ఈ అనుమానాన్ని సినిమా తారతో, టీవీ ప్రకటనతో, గ్యారంటీ కార్డుతో తీరుస్తుంది. ఆత్మకూరు బస్టాండు దగ్గర కుట్టుమిషను పెట్టుకున్న మనిషికి అవేవీ అందుబాటులో లేవు. అందుకే ఎరిగినవాళ్ళ మాట పెద్ద సంస్థకంటే చిన్నవాడికే ఎక్కువ ఉపయోగపడుతుంది. దీనికి మంచి ఆధారం ఉంది. హార్వర్డ్‌లో అప్పట్లో పనిచేసిన మైఖేల్ లూకా 2011లో సియాటిల్ నగరంలోని హోటళ్ళను పరిశీలించాడు. తిన్నవాళ్ళు యెల్ప్ అనే సైట్‌లో ఇచ్చే రేటింగు ఒక నక్షత్రం పెరిగితే హోటలు రాబడి 5 నుంచి 9 శాతం పెరిగిందని తేల్చాడు. ఆ లాభమంతా సొంతంగా నడుపుకునే హోటళ్ళదే. ఊరూరా శాఖలున్న పెద్ద పేర్ల మీద ఆ రేటింగుల ప్రభావం కనపడలేదు. వాటి గురించి జనానికి ముందే తెలుసు, కొత్తగా ఒకరు చెప్పేదేమీ లేదు. తెలియనివాడికే తెలిసినవాడి మాట కావాలి.

ఈ పూచీ ఎలా పనిచేస్తుందో దగ్గరగా చూడాలంటే ఆత్మకూరు ప్రాంతంలో మోటార్లు వైండింగ్ చేసే షాపును చూడాలి. సోమశిల ప్రాజెక్టు పక్కనే అనంతసాగరం మండలంలో ఉన్నా, పెన్న నీళ్ళు అందని మెట్ట పల్లెలకు బోరే దిక్కు. ఎండాకాలంలో ఓల్టేజీ పడిపోయో, బోరులో నీళ్ళు దిగిపోయి ఒట్టిగా తిరిగో మోటారు కాలిపోతుంది. పైపులు పైకి లాగి, మోటారు విప్పి, ఆటోలో వేసుకుని రైతు టౌనుకు తెస్తాడు. చేలో పైరు వాడిపోతుంటే బేరమాడే తీరిక ఉండదు. షాపులో కాలిన తీగ లాగేసి, కొత్త తీగ చుట్టి, బిగించి ఇస్తారు. లోపల చుట్టింది రాగో, రాగి రంగు పూసిన అల్యూమినియమో, ఏ గేజు తీగో, ఎన్ని చుట్లు చుట్టారో మూత బిగించాక కనపడదు. అకెర్లాఫ్ చెప్పిన చీకటి పూర్తిగా ఇక్కడే ఉంది. "ఆ షాపులో చేయించు, నాది మూడేళ్ళుగా ఆడతా ఉంది" అన్న పక్క చేని రైతు మాట తప్ప ఇంకో ఆధారం లేదు.

ఆ మోటారు పదిహేను రోజులకే మళ్ళీ కాలిందనుకుందాం. షాపువాడు టౌనులో ఉంటాడు, చెప్పినాయన పక్క గట్టు మీద ఉంటాడు. తొలి నిష్ఠూరం ఆయనకే. ఆయన మళ్ళీ జన్మలో ఆ షాపు పేరెత్తడు. ఒక్క ఖాతాదారు పోయాడని షాపువాడు అనుకుంటాడు గానీ, పోయింది ఆ ఊరికి వెళ్ళే దారి. అదే షాపువాడు మారుమాట్లాడకుండా మోటారు విప్పి, రైతు కళ్ళెదుటే తప్పు ఎక్కడుందో చూపించి, తన పొరపాటైతే ఉచితంగా చుట్టి ఇచ్చి, ఆ సాయంత్రం చెప్పినాయనకు ఒక ఫోన్ కొట్టి "మీరు పంపినాయన మోటారు మళ్ళీ వచ్చింది, సరిచేసి పంపాను" అంటే సంగతి వేరుగా ఉంటుంది. ఆ తీగ ఖర్చు షాపువాడికి నష్టమే. ఆ నష్టంతో చెప్పినాయన పరువు నిలబడింది. ఆయన రేపు ఇంకొకరికి చెప్పేటప్పుడు "పని బాగుంటుంది" అని ఊరుకోడు, "తేడా వచ్చినా చూసుకుంటాడు" అని కూడా అంటాడు. మొదటి మాటకంటే రెండోదానికి విలువెక్కువ. తేడా ఎప్పుడో ఒకప్పుడు ఎవరి పనిలోనైనా వస్తుందని కొనేవాడికి తెలుసు. ఇంతేకాదు, కాలిన పాత రాగి ఎంత తూగిందో, కొత్తగా ఏ గేజు తీగ ఎంత పట్టిందో బిల్లు మీద రాసిచ్చే షాపువాడు చెప్పేవాడి పని సగం తేలిక చేస్తున్నట్టు లెక్క. ఆ కాగితం జేబులో ఉంటే చెప్పేవాడు ధైర్యంగా చెప్తాడు.

పూచీ పడ్డవాడికి నష్టం ఉంటేనే పూచీకి విలువ అన్నదానికి ఇదే జిల్లాలో ఇంకా గట్టి సాక్ష్యం ఉంది. ఉదయగిరి ప్రాంతంలోనే ఉన్న కలిగిరి మండలంలోని దూబగుంట పేరు రాష్ట్రమంతా తెలుసు. అక్షరాస్యత తరగతుల్లో కూర్చున్న ఆడవాళ్ళు అక్కడ మొదలుపెట్టిన సారా వ్యతిరేక పోరాటం ఒక ఊరి ఆడవాళ్ళు ఇంకో ఊరి ఆడవాళ్ళకు చెప్పుకోవడం వల్లే జిల్లా దాటింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. ఆ పోరాటం వెంటే నెల్లూరు జిల్లాలో పొదుపు లక్ష్మి గ్రూపులు పుట్టుకొచ్చాయి. రోజుకో రూపాయి దాచుకోవడంతో మొదలై బ్యాంకు అప్పుల దాకా వెళ్ళాయి. నాబార్డు 1992లో దేశం మొత్తం మీద 500 గ్రూపులతో బ్యాంకు లింకేజీని ప్రయోగంగా ప్రారంభించిన కాలం అది. పొలం పత్రాలు లేని, జీతం లేని మనిషికి బ్యాంకు అప్పెందుకిచ్చింది? "మా గ్రూపులో ఈమె ఉంది" అని తోటివాళ్ళు అన్నందుకు. ఆమె కట్టకపోతే గ్రూపు మొత్తానికి మళ్ళీ అప్పు పుట్టదు. కాబట్టి ఎవరిని చేర్చుకోవాలో, ఎవరిని వద్దనాలో వాళ్ళు బ్యాంకు మేనేజరుకంటే జాగ్రత్తగా చూసుకున్నారు. ఆ పద్ధతిలో కష్టాలూ ఉన్నాయి. కట్టలేని మనిషి మీద తోటి ఆడవాళ్ళే ఒత్తిడి పెట్టిన సందర్భాలను ఎవరూ దాచలేరు. అయినా ఊరికే "మంచిమనిషండీ" అనే మాటకూ, తన అప్పు ఆగిపోతుందని తెలిసీ "ఈమె మా మనిషి" అనే మాటకూ ఎంత తేడా ఉందో బ్యాంకులు కళ్ళారా చూశాయి.

ఇక ఉదయగిరి చెక్క చెంచాల సంగతి. సిఫారసు ఎక్కడ తెగిపోతుందో చెప్పడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ నాకు తెలిసినంతలో లేదు. ఉదయగిరి దుర్గం కొండల్లో దొరికే నర్ది, బిక్కి, దేవదారి వంటి చెక్కలతో చెంచాలు, ఫోర్కులు, గరిటెలు, పళ్ళేలు చేసే పని ఇక్కడ తరాలుగా ఉంది. చేసేవాళ్ళు ఎక్కువగా ముస్లిం కుటుంబాలవాళ్ళు. వాళ్ళలోనూ ఆడవాళ్ళు చాలామంది. చెక్కను కొలత ప్రకారం కోసి, బాడిసెతో చెక్కి, ఆకురాయితో రుద్ది రూపానికి తెచ్చి, గరుకు కాగితంతో నునుపు చేయాలి. పిడి మీద నగిషీ చెక్కడం అన్నిటికంటే నిదానమైన పని. సన్నటి పిడిలో చిల్లులు పడేలా చెక్కేటప్పుడు చివరి నిమిషంలో చెక్క చీలితే అప్పటిదాకా పడ్డ కష్టం పోయినట్టే. ఆ చెంచా చేతిలోకి తీసుకుంటే తేలికగా ఉంటుంది, వేడి పదార్థంలో పెట్టినా పిడి కాలదు, నాన్‌స్టిక్ గిన్నెల మీద గీతలు పడనివ్వదు. బాగుందనడానికి కొనేవాళ్ళకు కారణాలు చాలానే ఉన్నాయి. బాగుందని అంటూనే ఉన్నారు కూడా.

మరి ఆ మెచ్చుకోలు చేసిన మనిషిదాకా ఎందుకు రాదు? చెంచా ఉదయగిరి వీధిలో తయారై, వ్యాపారి చేతికో, ప్రభుత్వ హస్తకళల సంస్థ లేపాక్షి షోరూముకో, ఏదో నగరంలో పెట్టిన హస్తకళల ప్రదర్శనకో వెళ్తుంది. విశాఖపట్నంలోనో హైదరాబాదులోనో ఒకావిడ కొంటుంది. ఇంటికొచ్చిన చుట్టాలు చూసి ఎక్కడ కొన్నారని అడుగుతారు. ఆవిడ "లేపాక్షిలో" అంటుంది, లేదా "ఏదో ఎగ్జిబిషన్‌లో" అంటుంది. చెంచా మీద చేసినవాళ్ళ పేరు లేదు, ఊరి పేరు కూడా చాలాసార్లు ఉండదు. ఆవిడ మనస్ఫూర్తిగా మెచ్చుకుంది, చుట్టాలకు కొనాలనీ ఉంది, కానీ ఆ మాటకు చేరుకునే చిరునామా లేదు. మెచ్చుకోలు సరే, ఫిర్యాదు కూడా రాదు. రెండు నెలలకే చెంచా పగులు వారితే ఆవిడ ఎవరికి చెప్పుకుంటుంది? "చెక్కవి ఇంతే, నిలవవు" అనుకుని ఊరుకుంటుంది. ఆ మాట మాత్రం చక్కగా నలుగురికీ పాకుతుంది. అసలు పగిలింది చెక్క పచ్చిగా ఉన్నందువల్లో, రాత్రంతా నీళ్ళలో నానబెట్టినందువల్లో తేల్చుకునే అవకాశం చేసినవాళ్ళకు రాకుండానే పేరు పోతుంది.

ఉదయగిరి చెంచాలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది కదా, అది సిఫారసు కిందికి రాదా అని అడగవచ్చు. వస్తుంది, ప్రభుత్వం ఇచ్చిన సిఫారసే అది. 1999లో చేసి 2003 సెప్టెంబరు నుంచి అమల్లోకి తెచ్చిన చట్టం కింద చెన్నైలోని రిజిస్ట్రీ ఇచ్చే ఈ గుర్తింపు వల్ల వేరే ఊళ్ళో మిషను మీద చేసిన చెంచాను ఉదయగిరిదని అమ్మితే అడ్డుకునే హక్కు వస్తుంది. దాన్ని తక్కువ చేయను. కాకపోతే ఆ చట్టం పూచీ పడేది ఊరికి, సరుకు రకానికి. ఫలానా ఇంట్లో చెక్క బాగా ఎండనిచ్చారా, అంచులు సరిగ్గా రుద్దారా అన్నదానికి అది పూచీ పడదు. పేరు ఊరందరిదీ అయినప్పుడు ఒకరి నాసి పనికి అందరూ మాట పడతారు, ఒకరి మంచి పనికి ఫలం అందరికీ పలచగా పంచుకుపోతుంది. జాగ్రత్తగా చేసేవాడికి ఇది అన్యాయం. చట్టంలోనే దీనికి ఒక దారి ఉంది. గుర్తింపు పొందిన సరుకు చేసే ప్రతి మనిషీ అధీకృత వినియోగదారుగా విడిగా నమోదు చేసుకోవచ్చు. ఆ నమోదుకు తోడు పిడి చివర వెనకవైపు ఒక చిన్న గుర్తు కాల్చి వేసి, చెంచాల కట్టతో పాటు ఒక చీటీ పెడితే సరిపోతుంది. చీటీలో చేసిన ఇంటి పేరు, ఫోన్ నంబరు, నీళ్ళలో నానబెట్టవద్దనీ, అప్పుడప్పుడు కాస్త కొబ్బరినూనె రాయమనీ రెండు మాటలు, నెలలోపు చీలితే మార్చి ఇస్తామన్న ఒక్క వాక్యం. దళారికి ఇది నచ్చకపోవచ్చు. చేసినవాళ్ళ నంబరు కొన్నవాళ్ళకు చేరడమంటే తన అవసరం తగ్గడమని అతను భయపడతాడు. చిన్న కొనుగోలుదారు ఒక్క చెంచా కోసం ఉదయగిరి దాకా రాడు కాబట్టి దుకాణం అవసరం ఎక్కడికీ పోదని అతనికి నచ్చజెప్పాల్సిందే. లేపాక్షి లాంటి ప్రభుత్వ సంస్థ అయితే నచ్చజెప్పించుకునేదాకా ఆగకుండా తనే ఆ చీటీ పెట్టించాలి.

ఆ చీటీని మోసుకుపోయే మనుషులు ఈ ప్రాంతానికి కొరత కాదు. వానలు నమ్ముకోలేని ఈ మెట్ట మండలాల నుంచి చెన్నైకీ, బెంగళూరుకీ, హైదరాబాదుకీ, గల్ఫ్ దేశాలకీ పనుల కోసం వెళ్ళినవాళ్ళు దాదాపు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. వ్యాపారులు సాధారణంగా అన్నదమ్ములనీ, దగ్గరి స్నేహితులనీ నమ్ముకుంటారు, దూరపు పరిచయాలను లెక్కచేయరు. మార్క్ గ్రానొవెటర్ అనే సమాజశాస్త్రవేత్త బోస్టన్ పక్కనున్న న్యూటన్ పట్టణంలో ఉద్యోగాలు మారినవాళ్ళను విచారించి 1973లో రాసిన వ్యాసం ఈ అలవాటును ప్రశ్నించింది. తెలిసినవాళ్ళ ద్వారా ఉద్యోగం దొరికినవాళ్ళలో, తరచూ కలిసే మనిషి చెప్పడం వల్ల దొరికింది నూటికి సుమారు 17 మందికే. 56 మందికి అప్పుడప్పుడు కలిసే మనిషి వల్ల, 28 మందికి ఎప్పుడో ఏడాదికోసారి కలిసే మనిషి వల్ల దొరికింది. కారణం సులభంగానే తడుతుంది. దగ్గరివాళ్ళకు తెలిసిన మనుషులంతా మనకూ తెలిసినవాళ్ళే. ఎప్పుడో కలిసే మనిషి మనం ఎరగని పదిమంది మధ్య తిరుగుతుంటాడు. సంక్రాంతికి ఊరొచ్చి, దుర్గం చూసి, తిరిగి వెళ్తూ బెంగళూరులో ఇంటి ఓనరుకు ఇవ్వడానికి ఒక చెంచాల కట్ట కొనుక్కెళ్ళే కుర్రాడు ఉదయగిరి వీధికి అలాంటి మనిషి. ఆ ఓనరు చుట్టాలను ఇక్కడివాళ్ళు ఏనాటికీ ఎరగరు. కట్టలో చీటీ ఉంటే ఆ పదిమందికీ దారి తెరుచుకుంటుంది.

నోటిమాట మీద ఇంత నమ్మకం పెట్టుకోవచ్చా అనే అనుమానం న్యాయమైనదే. బోరు పాయింట్ల వ్యవహారం చూసిన మెట్ట రైతుకు ఈ అనుమానం తప్పక వస్తుంది. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేలో నడిచే మనిషి, కాయ నిటారుగా లేచిన చోట నీళ్ళున్నాయంటాడు. ఊరూరా అతనికి సిఫారసులుంటాయి. నీళ్ళు పడ్డ రైతు ఆ పేరు పదిమందికి చెప్తాడు. పడనివాడు అప్పు తెచ్చిన డబ్బు మట్టిపాలైందని పైకి చెప్పుకోలేక నోరు మూసుకుంటాడు, తన తలరాతే అనుకుంటాడు. అలా ఒకవైపు మాటే ప్రచారమవుతుంది. ఇది నోటిమాటకున్న అసలైన లోపం, కొట్టిపారేయలేం. పైన చెప్పిన పూచీ గనక తోడుంటే ఈ లోపం చాలావరకు బయటపడుతుంది. పాయింటు పెట్టినవాడు నీళ్ళు పడకపోతే తను తీసుకున్న డబ్బు తిరిగి ఇస్తాడా? ఈ ఏడాది ఎన్ని పాయింట్లు పెట్టాడో, ఎన్నిటిలో పడలేదో చెప్తాడా? పంపినవాడు నీళ్ళు పడని రైతులను కూడా ఒకరిద్దరిని చూపించగలడా? అడగాల్సినవి ఇవి. నిజాయితీగా పనిచేసే వ్యాపారి తన వైపు నుంచి ఈ తలుపు తీసిపెట్టాలి. పని కుదరని చోట్లు కూడా చెప్పే మనిషి మాటకే బరువుంటుంది.

డబ్బిచ్చి చెప్పించుకుంటే తప్పేమిటని అడిగేవాళ్ళకు కూడా లెక్కలున్నాయి. ఫిలిప్ ష్మిట్, మరి ఇద్దరు పరిశోధకులు జర్మనీలో ఒక బ్యాంకు ఖాతాదారులు సుమారు పదివేల మందిని దాదాపు మూడేళ్ళు పరిశీలించి 2011లో ప్రచురించారు. పాత ఖాతాదారుకు 25 యూరోలు బహుమానంగా ఇచ్చి చెప్పించగా వచ్చిన కొత్తవాళ్ళు, మామూలుగా వచ్చినవాళ్ళకంటే బ్యాంకుకు కనీసం 16 శాతం ఎక్కువ విలువైనవాళ్ళని తేలింది. ఎక్కువకాలం వదలకుండా ఉన్నారు కూడా. డబ్బు ముట్టినంత మాత్రాన సిఫారసు పాడైపోదని దీన్నిబట్టి ఒప్పుకోవాలి. అయితే ఆ బహుమానం బ్యాంకు బహిరంగంగా ప్రకటించింది. మన ఊళ్ళలో జరిగేది చాలావరకు చాటుమాటు వ్యవహారం. పల్లెలో వైద్యం చేసే ఆర్‌ఎంపీ రోగిని టౌనులో ఒక ఆస్పత్రికో ల్యాబుకో పంపుతాడు. కట్టిన బిల్లులో ఆయన వాటా ఉందని రోగికి తెలియదు. డాక్టర్లు ఇలా కమీషన్లు ఇవ్వడం, తీసుకోవడం 2002 నాటి వైద్యమండలి నిబంధనలే నిషేధించాయి, ఆచారం మాత్రం ఆగలేదు. అక్కడ చెప్పినవాడికి రోగి బాగుపడినా, పడకపోయినా వచ్చేది వస్తుంది. పూచీ మాయమై ధర మాత్రం మిగిలింది. ఇస్తే ఇవ్వండి, కొనేవాడికి తెలిసేలా ఇవ్వండి, వీలైతే చెప్పినవాడితో పాటు వచ్చినవాడికీ తగ్గింపు ఇవ్వండి. దాచిపెట్టాల్సిన కమీషన్ ఏ రోజు బయటపడితే ఆ రోజు చెప్పినవాడితో పాటు షాపు కూడా మునుగుతుంది.

నన్ను అన్నిటికంటే ఇబ్బంది పెట్టే అభ్యంతరం ఇంకొకటి. ఎరిగినవాళ్ళ మాట మీద నడిచే బజారులో ఎరుక లేనివాడి గతేమిటి? మనవాళ్ళంటే కులమనీ, బంధువులనీ అర్థం చేసుకునే సమాజంలో సిఫారసు ఎంత చల్లగా కొందరిని బయట నిలబెడుతుందో అందరం చూస్తున్నాం. పని బాగా వచ్చిన దళిత యువకుడు ఎలక్ట్రికల్ షాపు పెడితే తొలి ఖాతాదారు ఎక్కడినుంచి వస్తాడు? మొగుడు పోయి, టిఫిన్ సెంటరు పెట్టుకున్న ఆడమనిషి గురించి ఎవరు చెప్తారు? దీనికి నా దగ్గర పూర్తి సమాధానం లేదు. కొంత మాత్రం చెప్పగలను. ముక్కూమొహం తెలియనివాళ్ళు కొనుక్కునే చోట్లు, అంటే డ్వాక్రా బజార్లు, సరస్ మేళాలు, ప్రభుత్వ షోరూములు, ఈ తలుపు మూసుకుపోకుండా కాపాడుతున్నాయి. అందుకే వాటిని పాతకాలపు దండగ ఖర్చుగా చూడటాన్ని నేను ఒప్పుకోను. రెండోది చెప్పేవాళ్ళ చేతిలో ఉంది. తన బావమరిది షాపుకు వెళ్ళమని చెప్పినవాడి మాటను వినేవాడు సగమే నమ్ముతాడు. ఏ చుట్టరికమూ లేని మనిషి పనిని మెచ్చి పంపినప్పుడు పూర్తిగా నమ్ముతాడు. ఊళ్ళో నలుగురూ మాట వినే టీచరో, పోస్టుమాస్టరో, పాత మేస్త్రీయో కొత్త మనిషికి ముందు తమ ఇంట్లో ఒక చిన్న పని ఇచ్చి చూసి, బాగుంటే పైకి చెప్పాలి. ఆ ఒక్క పనితో ఆ మనిషికి దొరికే మొదలు బ్యాంకు అప్పుతో దొరకదు.

గూగుల్ మ్యాపుల్లో నక్షత్రాలు వచ్చాక ఈ గొడవంతా ఎందుకని కుర్రకారు అంటారు. ముక్కూమొహం తెలియని కొత్త ఊళ్ళో నక్షత్రాలు పనికొస్తాయి, లూకా పరిశీలన చూపించింది కూడా అదే. కానీ ఆ నక్షత్రం ఇచ్చిన మనిషి ఎవరో, అసలు కొన్నాడో లేదో తెలియదు. దొంగ సమీక్షల బెడద ఎంత పెరిగిందంటే 2022 నవంబరులో భారత ప్రమాణాల సంస్థ వాటికోసం ఐఎస్ 19000 అని ఒక ప్రమాణమే తేవలసి వచ్చింది. ఆత్మకూరంత టౌనులో ఫోనులో చూసినా, చివరికి ఎవరినో ఒకరిని అడిగే అడుగు వేస్తారు.

ఇక మిగిలింది సిఫారసు ఫలించిన తర్వాత వచ్చే చిక్కు. చేతిపని చేసేవాళ్ళకు ఇది పెద్ద చిక్కు, దీని గురించి మాట్లాడేవాళ్ళు తక్కువ. బెంగళూరు నుంచి ఒకరు ఫోన్ చేసి పెళ్ళికి వచ్చినవాళ్ళకు పంచడానికి మూడొందల చెంచాల సెట్లు కావాలంటే ఉదయగిరిలో ఒక కుటుంబం చేయలేదు. చెక్క అడవి నుంచి రావాలి, ఎండాలి, ఒక్కో పిడి చేత్తో తీర్చాలి. ఆశపడి ఒప్పుకుని, పచ్చి చెక్కతో ఆదరాబాదరా చేసి పంపితే ఆ పెళ్ళికి వచ్చిన మూడొందల ఇళ్ళలోనూ చెంచాలు చీలతాయి. ఏళ్ళ తరబడి పోగుచేసుకున్న పేరు ఒక్క ఆర్డరుతో పోతుంది. వచ్చిన బేరాన్ని కాదని పంపేయడమూ నష్టమే, చెప్పినవాడు చిన్నబుచ్చుకుంటాడు. మధ్యేమార్గం పక్కింటివాళ్ళతో పంచుకోవడం. అప్పుడు ఆర్డరు తీసుకున్న కుటుంబమే పక్కింటి పనికి సిఫారసు చేసినట్టవుతుంది, పూచీ వాళ్ళ నెత్తిమీదికి వస్తుంది. వీధిలో ఎన్ని స్నేహాలున్నా ఈ విషయం నోటిమాటగా వదలకూడదు. పొదుపు గ్రూపులు మినిట్స్ పుస్తకం రాసుకున్నట్టే, ఎవరి సెట్లు ఎన్ని, చెక్క ఎన్నాళ్ళు ఎండాలి, పంపే ముందు ఎవరు సరిచూస్తారు అన్నవి కాగితం మీద పెట్టుకోవాలి. కొన్నవాళ్ళ దగ్గర్నుంచి చెంచా వెనక్కి వస్తే చేసింది ఎవరని వెతకకుండా ఆర్డరు తీసుకున్న ఇల్లే వెంటనే మార్చి పంపాలి. ఆ చెంచా ఖరీదు ఎవరు భరించాలన్నది పిడి వెనక గుర్తు చూసి తర్వాత వాళ్ళలో వాళ్ళు తేల్చుకోవచ్చు. ఈ షరతును మొదటి ఉమ్మడి ఆర్డరుకు అడ్వాన్సు ముట్టకముందే రాసుకోవాలి. డబ్బు చేతికొచ్చాక రాసుకోవడం కుదరదు.